లిండ్‌బర్గ్ చెప్పిన ‘మనం’

ఇంగ్లీషులో ‘వుయ్’ అని ఒక చిన్న మాట ఉంది. దాన్ని తెలుగులో పెట్టాలంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: వింటున్నవాడు అందులో ఉన్నాడా, లేడా? ఉంటే ‘మనం’, లేకపోతే ‘మేము’. ‘మనం భోంచేద్దాం’ అంటే నీకూ విస్తరి వేసినట్టు. ‘మేము భోంచేస్తాం’ అంటే నువ్విక లేవాల్సిన టైమైందని. మూడేళ్ళ పిల్లలు కూడా ఇందులో పొరపాటు చెయ్యరు. ఇంగ్లీషువాళ్ళకి ఆ తిప్పలు లేవు. ఒకే మాటతో రెండు పనులూ కానిచ్చేస్తారు. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది విన్నవాళ్ళు ఊహించుకోవాల్సిందే.

ఈ మధ్య ఒక పాత ఉపన్యాసాన్ని తెలుగు చేద్దామని కూర్చుని ఈ మాట దగ్గరే ఇరుక్కుపోయాను. 1941 సెప్టెంబరు 11న అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డిమోయిన్‌లో చార్లెస్ లిండ్‌బర్గ్ మాట్లాడింది అది. చెయ్యమని ఎవరూ అడగలేదు, ఎక్కడా అచ్చయ్యేదీ లేదు. ఆయనతో నాకో పాత లెక్క ఉంది, తేల్చుకుందామనిపించింది అంతే.

లెక్క ఎక్కడ మొదలైందంటే, నా చిన్నప్పుడు మా నాన్న బస్టాండులో కొనిచ్చిన జనరల్ నాలెడ్జి పుస్తకంలో. అట్టలు లేని పుస్తకం, సగం పేజీల్లో సిరా అలుక్కుపోయింది. ‘అట్లాంటిక్ మహాసముద్రాన్ని విమానంలో దాటిన మొదటి వ్యక్తి ఎవరు?’ జవాబు: చార్లెస్ లిండ్‌బర్గ్. ఆ జవాబు తప్పని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. 1919లోనే ఆల్కాక్, బ్రౌన్ అని ఇద్దరు న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండ్‌కి ఎక్కడా ఆగకుండా దాటేశారు. లిండ్‌బర్గ్ దాటింది ఒంటరిగా, న్యూయార్క్ నుంచి పారిస్‌కి. అయితేనేం, ఆ పేరు నోట్లో తిరగని వయసులోనే అతను నాకు హీరో. మేడ మీద పడుకుని నక్షత్రాలు చూస్తూ, చుట్టూ నీళ్ళు, పైన చీకటి, మధ్యలో ఒక్కడు, అని ఊహించుకునేవాణ్ణి.

ఆ ప్రయాణాన్ని ఇప్పుడు కూడా తక్కువ చెయ్యలేను. 1927 మే 20 ఉదయం 7 గంటల 52 నిమిషాలకి, వానకి నాని బురదైన లాంగ్ ఐలాండ్ మైదానం నుంచి లేచాడు. ఇరవై అయిదేళ్ళవాడు. ముందు రాత్రి కంటి మీద కునుకు లేదు. అంతకుముందు సెయింట్ లూయిస్, షికాగోల మధ్య ఉత్తరాల విమానం నడిపేవాడు. విమానం మొత్తం బరువులో సగానికి పైగా పెట్రోలే. బరువు తగ్గించడానికి రేడియో వద్దన్నాడు, పారాచూట్ వద్దన్నాడు, మ్యాపుల అంచులు కూడా కత్తిరించేశాడు. ముప్ఫై మూడున్నర గంటలు, దాదాపు 5,800 కిలోమీటర్లు ఎగిరి మర్నాడు రాత్రి 10 గంటల 22 నిమిషాలకి పారిస్ శివార్లలోని లె బూర్జెలో దిగాడు. జనం కంచెలు దాటుకుని మీద పడ్డారు. పాతిక వేల డాలర్ల బహుమతి సరే, ఒక్క రాత్రిలో భూమ్మీద అందరికీ తెలిసిన మనిషైపోయాడు.

ఆ విమానం వాషింగ్టన్ మ్యూజియంలో పైనుంచి వేలాడుతూ ఉంటుంది. నేను కింద నిలబడి ఎక్కువసేపు చూసింది దాని ముక్కుని. వెండిరంగు రేకు తప్ప అక్కడేం లేదు. పైలట్‌కి ఎదురుగా అద్దమే లేదు! పెద్ద పెట్రోలు ట్యాంకుని ఇంజనుకీ పైలట్‌కీ మధ్య పెట్టారు, దాంతో ఎదురుగా ఏమీ కనపడదు. చూడాలంటే పక్క కిటికీలోంచి తల బయటపెట్టాలి, లేదా చిన్న పెరిస్కోపులోంచి చూడాలి. అలా కట్టమన్నది లిండ్‌బర్గే. కూలితే ఇంజనుకీ ట్యాంకుకీ మధ్య నలిగిపోకూడదని.

ముందుచూపు లేని మనిషి అని చమత్కరించడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. కానీ ఆ పని చెయ్యను. అది ముందుచూపుతో, లెక్క వేసుకుని తీసుకున్న నిర్ణయం. నా ఫిర్యాదు కూడా అదే. ‘ఆకాశంలో మొనగాడు, రాజకీయాల్లో పసివాడు, ఎవరో మాయ చేశారు’ అని ఆయన అభిమానులు ఎనభై ఏళ్ళుగా అంటున్నారు. మ్యాపు అంచుల బరువు కూడా లెక్కపెట్టిన మనిషి మాటల బరువు తెలియకుండా మాట్లాడాడంటే నేను నమ్మను.

ఆ ఏడాదే ఆయన పేరుతో ఒక పుస్తకం వచ్చింది. దాని పేరు ‘వుయ్’. నేనూ నా విమానమూ అని అందరూ మురిసిపోయారు. తనకి డబ్బు పెట్టిన సెయింట్ లూయిస్ పెద్దమనుషుల్ని కలుపుకుని అన్నానని ఆయన చెప్పుకున్నాడు. ఎలా చూసినా ‘మేము’. చదివేవాడికి అందులో చోటు లేదు. అప్పటికి దాంతో ఇబ్బందీ లేదు.

తర్వాత జరిగింది వింటే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. 1932 మార్చి 1 రాత్రి ఇరవై నెలల కొడుకుని ఉయ్యాల గదిలోంచి ఎత్తుకుపోయారు. రెండు నెలల తర్వాత ఇంటికి దగ్గర్లోనే శవం దొరికింది. ఫొటోగ్రాఫర్లు శవాగారంలోకి చొరబడి ఆ పసివాడి ఫొటో తీశారు. రెండో కొడుకు పుట్టాక కూడా విలేఖరులు వదల్లేదు. 1935 డిసెంబరులో లిండ్‌బర్గ్, ఆయన భార్య ఆన్ పిల్లాణ్ణి తీసుకుని గుట్టుచప్పుడు కాకుండా ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. పత్రికలన్నా, గుంపులన్నా ఆయనకి పుట్టిన అసహ్యం నాకు అర్థమవుతుంది. మరుసటేడు జర్మనీకి పిలుపొచ్చింది. అక్కడ క్రమశిక్షణ, కొత్త విమానాలు, వెంటబడని విలేఖరులు. ఆ దేశంలో పత్రికలకి విలేఖరుల్ని ఎవరి వెంట పంపాలో ఎవరు చెబుతున్నారన్న ప్రశ్న ఆయనకి రాలేదు.

1936, 1937, 1938, మూడేళ్ళూ వెళ్ళాడు. జర్మన్ వైమానిక బలం గురించి అమెరికన్ సైన్యానికి సమాచారం తెచ్చాడన్నది నిజమే, వెళ్ళేలా చేసింది కూడా బెర్లిన్‌లోని అమెరికన్ సైనిక ప్రతినిధే. 1938 అక్టోబరు 18న అమెరికన్ రాయబారి ఇచ్చిన విందులో జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ ఒక పతకం తెచ్చి చేతిలో పెట్టాడు. ముందు చెప్పలేదు, కాదంటే బాగుండదు, తీసుకున్నాడు. ఇంటికొచ్చి చూపిస్తే ఆన్ ఒక్క మాటంది. ఆవిడన్న ఇంగ్లీషు మాటకి అచ్చంగా సరిపోయే మాట మనకుంది: గుదిబండ. మూడు వారాలకి, నవంబరు 9 రాత్రి, జర్మనీ అంతటా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు, దుకాణాల అద్దాలు పగలగొట్టారు. బెర్లిన్‌లో ఇల్లు తీసుకుందామనుకున్న లిండ్‌బర్గ్ ఆ ఆలోచన మానుకున్నాడు. పతకం మాత్రం తిరిగివ్వలేదు.

చాలామంది ఈ పతకం దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో అది చిన్న విషయం. విందులో ఎవరో చేతిలో పెట్టింది అది. 1939 నవంబరులో రీడర్స్ డైజెస్ట్‌లో వచ్చిన వ్యాసం మాత్రం ఆయన ఇంట్లో కూర్చుని, ఆలోచించి, తన చేత్తో రాసుకున్నది. దాని పేరే ‘విమానయానం, భూగోళం, జాతి’. విమానం ఒక సొరుగులో, జాతి ఇంకో సొరుగులో పెట్టి మాట్లాడదామనేవాళ్ళు ఆ పేరు ఒకసారి చదువుకుంటే చాలు. రెంటినీ ఒకే సొరుగులో పెట్టింది ఆయనే.

విమానం పాశ్చాత్యుల చేతులకే సరిపడేలా మలచిన పనిముట్టు, మిగతావాళ్ళు దాన్ని నాసిరకంగా అనుకరిస్తారంతే, అంటాడు అందులో. ఆసియాలో కిక్కిరిసిన కోట్లమందికీ యూరప్ గ్రీకుల నుంచి అందుకున్న వారసత్వానికీ మధ్య అదొక అడ్డుగోడట. పసుపు, నలుపు, గోధుమ రంగుల సముద్రం ముంచుకొస్తుంటే తెల్లజాతి అసలంటూ బతకడానికి వీలు కల్పిస్తున్న అమూల్యమైన ఆస్తుల్లో అదొకటట. తక్కువ రక్తం లోపలికి చొరబడకుండా జాతితో, ఆయుధాలతో గోడ కట్టుకోవాలంటాడు.

మొదటిసారి చదివినప్పుడు ‘గోధుమ’ దగ్గర ఆగాను. ఒక క్షణం పట్టింది. అంటే నేనే కదా! మన పెళ్ళిచూపుల భాషలో చామనచాయ. మేడ మీద పడుకుని ఇతని కోసం నక్షత్రాలు లెక్కపెట్టిన కుర్రాడు, ఇతని లెక్కలో ముంచుకొచ్చే సముద్రంలో ఒక చుక్క.

పోనీ ఆసియా అంటే తెలియక రాశాడా? 1937లో భార్యతో కలిసి చిన్న విమానంలో ఇండియా దాకా ఎగిరొచ్చాడు. కలకత్తాలో రామకృష్ణ పరమహంస శతజయంతికి జరిగిన సర్వమత సమ్మేళనానికి కూడా వెళ్ళాడు. మన యోగులన్నా, మన తత్వచింతనన్నా ఆయనకి కుతూహలం ఉండేది. చూశాడు, విన్నాడు, తిరిగెళ్ళి రెండేళ్ళకి ‘కిక్కిరిసిన కోట్లు’ అని రాశాడు. మన వేదాంతం మెచ్చుకున్న ప్రతి తెల్లవాణ్ణీ నెత్తిన పెట్టుకోవడం మనకో అలవాటు. మెచ్చుకోవడం వేరు, పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు.

నాసిరకం అనుకరణ మాట చూద్దాం. ఆయన విమానం మొదటిసారి ఎక్కడానికి నాలుగేళ్ళ ముందే, మొదటి ప్రపంచయుద్ధంలో, ఇంద్రలాల్ రాయ్ అనే పంతొమ్మిదేళ్ళ బెంగాలీ కుర్రాడు పది శత్రు విమానాల్ని పడగొట్టి 1918 జులైలో ఫ్రాన్స్ మీద గాల్లోనే చనిపోయాడు. జె.ఆర్.డి. టాటా 1932లో కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపాడు, అంటే లిండ్‌బర్గ్ పేరు తెచ్చుకోకముందు చేసిన పనే. ఇవి దూరదేశాల సంగతులు, తెలియవనుకుందాం. బెస్సీ కోల్మన్ ఆయన దేశస్థురాలే. టెక్సస్‌లో పుట్టిన నల్లజాతి అమ్మాయి, షికాగోలో గోళ్ళు తీర్చే పని చేసేది. అమెరికాలో ఒక్క బడి కూడా ఆమెకి విమానం నేర్పనంటే, ఫ్రెంచి నేర్చుకుని, ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్ళి, 1921లో లైసెన్సు తెచ్చుకుంది. లిండ్‌బర్గ్ విమానం తాకడానికి ఏడాది ముందు. నేర్పే చేతులు తలుపులేసుకుని కూర్చుని, మీ చేతులకి ఈ పనిముట్టు సరిపోదనడం మనకి కొత్త వాదమేం కాదు. వేదం వినకూడదన్నవాళ్ళే వేదం రాదని వెక్కిరించారు.

‘ఆ కాలం అలాంటిది’ అంటారు. కొంత నిజమే, ఒప్పుకుంటాను. ఆయన పారిస్‌కి ఎగరడానికి పద్దెనిమిది రోజుల ముందు, 1927 మే 2న, ‘మందబుద్ధులు’ అని ముద్ర వేసినవాళ్ళకి బలవంతంగా పిల్లలు పుట్టకుండా చెయ్యొచ్చని అమెరికా సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒప్పుకుని ఒక్కరు కాదని తీర్పిచ్చింది. 1923లో అదే కోర్టు భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ మాజీ సైనికుడికి నువ్వు తెల్లవాడివి కావు, పౌరసత్వం రాదు పొమ్మంది. లిండ్‌బర్గ్ సహచరుడు, నోబెల్ అందుకున్న డాక్టరు అలెక్సిస్ కారెల్ మనుషుల్లో మేలుజాతి పెంపకం గురించి పుస్తకమే రాశాడు. శరీరం బయట అవయవాల్ని బతికించే గాజు పంపు ఒకటి ఇద్దరూ కలిసి తయారుచేశారు, అది నిజంగా గొప్ప పని. గాలిలోనే ఉంది ఆ విషం. కానీ అదే గాలి పీలుస్తూ కాదన్నవాళ్ళు కూడా బోలెడుమంది. డిమోయిన్ ఉపన్యాసం విని ‘నా కాలంలో జాతీయ స్థాయి మనిషెవరూ ఇంత అమెరికాకి తగని మాట మాట్లాడలేదు’ అన్నది 1940లో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా నిలబడ్డ వెండెల్ విల్కీ. 2025 నాటి విప్లవకారుడెవరూ కాదు.

రెండో ప్రపంచయుద్ధంలోకి అమెరికా దిగొద్దన్నందుకు ఆయన్ని నేను తప్పు పట్టను. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ రెండూ కలిపేస్తారు. ఆయన తండ్రి మిన్నెసోటా నుంచి కాంగ్రెసు సభ్యుడు, మొదటి యుద్ధంలోకి దిగొద్దని ఎదురు తిరిగి అందరితో తిట్లు తిన్నాడు. ఆ యుద్ధంలో లక్షా పదహారు వేల మంది అమెరికన్లు పోయారు. ఈ యుద్ధమూ వద్దంటూ 1940లో యేల్ విద్యార్థులు మొదలుపెట్టిన ‘అమెరికా ఫస్ట్’ కమిటీలో ఎనిమిది లక్షల మంది దాకా చేరారంటే వాళ్ళందరూ హిట్లర్ భక్తులు కారు. కొడుకుల్ని పంపడం ఇష్టంలేని తల్లులు, రైతులు, మళ్ళీ మోసపోమన్న మాజీ సైనికులు. వాళ్ళ వాదానికి లిండ్‌బర్గ్ చేసినంత ద్రోహం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కూడా చెయ్యలేదు.

ఆ కమిటీ పెట్టిన డిమోయిన్ సభకి దాదాపు ఎనిమిది వేల మంది వచ్చారు. జర్మన్ జలాంతర్గాములు కనిపిస్తే కాల్చేస్తామన్న రూజ్‌వెల్ట్ రేడియో ఉపన్యాసాన్ని ముందు లౌడ్‌స్పీకర్లలో వినిపించారు. అదయ్యాక లిండ్‌బర్గ్ లేచాడు. దేశాన్ని యుద్ధంలోకి తోస్తున్నది మూడు వర్గాలన్నాడు: బ్రిటిష్‌వాళ్ళు, యూదులు, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం. జర్మనీలో యూదుల మీద జరుగుతున్న హింసని మనిషి విలువ తెలిసిన ఎవరూ సమర్థించలేరని కూడా అన్నాడు. అభిమానులు ఈ వాక్యాన్ని ఫ్రేము కట్టించుకుంటారు. ఆ పక్కనే, యుద్ధం వస్తే దాని ఫలితం ముందు అనుభవించేది వాళ్ళే కాబట్టి వాళ్ళే దాన్ని ఆపాలన్నాడు. ఊరి పెద్ద నవ్వుతూ ‘మీ మంచికే చెబుతున్నా’ అంటే ఎలా ఉంటుందో మనకి తెలుసు. సినిమాల్లో, పత్రికల్లో, రేడియోలో, ప్రభుత్వంలో వాళ్ళకున్న పలుకుబడే ఈ దేశానికి వాళ్ళ వల్ల ప్రమాదమన్నాడు.

నా పెన్ను ఆగిన వాక్యం ఆ తర్వాతది. ‘తమ ప్రయోజనాలనుకున్నవాటిని వాళ్ళు చూసుకుంటే తప్పు పట్టలేం, కానీ’, ‘వుయ్’ కూడా చూసుకోవాలట. ఎవరి ప్రయోజనాలు ఎవరు చూసుకోవాలి? మన ప్రయోజనాలు మనమా? మా ప్రయోజనాలు మేమా? మాట్లాడుతున్నది అమెరికన్ ప్రజలతో. బ్రూక్లిన్‌లో బట్టలు కుట్టే యూదుడు అమెరికన్ పౌరుడే, పన్ను కడతాడు, రేపు యుద్ధమొస్తే అతని కొడుక్కీ పిలుపొస్తుంది. ‘మన’ అని రాస్తే అతనూ అందులో ఉంటాడు. అతనుంటే మరి ‘వాళ్ళు’ ఎవరు? వాక్యం కుప్పకూలిపోతుంది. ‘మన’ కొట్టేశాను. తర్వాతి వాక్యం ఇంకా ఘోరం. ‘ఇతర జాతుల’ ఆవేశాలూ దురభిప్రాయాలూ దేశాన్ని నాశనం వైపు నడిపించకూడదంటాడు. ఇతర జాతులు! సొంత దేశపు పౌరులు! ఏ దేశాన్ని? మా దేశాన్ని. ‘మా’ అని రాసి పేజీ వైపు కాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇంగ్లీషులో పెద్దమనిషి తరహాలో ఉన్న ఉపన్యాసం, ఒక్క అక్షరం తేల్చుకునేసరికి వీధి అరుగు మీది మాటలా వినిపించింది.

ఆన్ ఆ ప్రసంగాన్ని ముందే చదివి భయపడింది, ఆపాలని చూసింది. ఆయన వినలేదు. మూడు నెలలకి పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడ్డాయి, అమెరికా యుద్ధంలోకి దిగింది, ‘అమెరికా ఫస్ట్’ ఆ వారంలోనే మూతపడింది.

సైన్యంలోకి రూజ్‌వెల్ట్ మళ్ళీ రానివ్వలేదు. 1944లో పసిఫిక్‌లో మామూలు పౌరుడి హోదాలో యాభై దాకా యుద్ధ విమాన ప్రయాణాలు చేశాడు. ఇంజను తిప్పుడు తగ్గించి పెట్రోలు మిగల్చడం కుర్ర పైలట్లకి నేర్పి, పి-38 విమానాలు ఇంకా వందల కిలోమీటర్లు పోయేలా చేశాడు. ఒక జపాన్ విమానాన్ని పడగొట్టాడు. అదే సమయంలో డైరీలో రాసుకున్న పేజీలు నన్ను కదిలించాయి. లొంగిపోయినవాళ్ళని తమ సైనికులు కాల్చేయడం, శవాల నుంచి గుర్తుగా ఎముకలు తీసుకోవడం చూసి కుమిలిపోయాడు. 1945 జూన్‌లో జర్మనీలోని డోరా నాజీ నిర్బంధ శిబిరంలో దహనశాల, పక్కన గోతిలో బూడిద తన కళ్ళతో చూశాక, యూరప్‌లో యూదుడికి జర్మన్ చేసిందే పసిఫిక్‌లో జపానువాడికి ‘వుయ్’ చేస్తున్నామని రాశాడు. ఇక్కడ నేను తడబడకుండా ‘మనం’ అని రాశాను. ఆయన రాతల్లో నాకు కనిపించినంతలో తప్పులో అందరితో కలిసి నిలబడ్డ ‘వుయ్’ అదొక్కటే. రెండూ సమానమన్న ఆ పోలికతో నాకు పేచీ ఉంది, ఫ్యాక్టరీ పెట్టి చంపడం వేరు. అయినా ఆ వాక్యం రాయడానికి గుండె కావాలి.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది. ఆ డైరీలు 1970లో అచ్చయ్యాయి. ముందుమాటలో, గెలిచినా ఒక రకంగా ఈ యుద్ధం ‘వుయ్’ ఓడిపోయామన్నాడు. యుగాల తరబడి కోట్లాది జీవితాల్లో రూపుకట్టిన జన్యు వారసత్వాన్ని పోగొట్టుకున్నామన్నాడు. చనిపోయిన అరవై లక్షల యూదులు ఆ పోగొట్టుకున్న లెక్కలో ఉన్నారా? ఆ వాక్యాన్ని చాలాసార్లు చదివాను. అందులో జాడ కనపడలేదు. డిమోయిన్ గురించి పొరపాటయిందన్న మాట కూడా ఎక్కడా లేదు. 1974లో పోయేవరకూ తిమింగలాల గురించీ, అంతరించిపోతున్న గద్దల గురించీ ఎంతో ఆర్తితో తిరిగాడు.

(యూరప్‌లో ఆయనకి రహస్యంగా పిల్లలున్నారన్న సంగతి 2003లో బయటపడింది. నెట్‌లో ఆయన పేరు కొడితే అందరూ లొట్టలేసుకుంటూ చెప్పేది ఆ కథే. నాకందులో ఆసక్తి లేదు.)

మా చెల్లెలు ఉండే మినియాపోలిస్‌లో ఎయిర్‌పోర్టు మొదటి టెర్మినల్‌కి లిండ్‌బర్గ్ పేరు పెట్టారు, ఆయన పెరిగిన రాష్ట్రం కదా. రెండోదానికి హ్యూబర్ట్ హంఫ్రీ పేరు. 1948లో సొంత పార్టీ మహాసభలో నల్లవాళ్ళ హక్కుల కోసం లేచి మాట్లాడిన మనిషి ఆయన. ఆయన ఉపాధ్యక్షుడిగా ఉండగా 1965లో వలస చట్టం మారకపోతే మనవాళ్ళలో డాక్టర్లూ ఇంజనీర్లూ ఆ దేశం మొహం చూసేవాళ్ళు కాదు. న్యాయంగా అయితే మనం హంఫ్రీ గుమ్మంలో దిగాలి. మా అమ్మ విమానం మాత్రం లిండ్‌బర్గ్ గుమ్మంలోనే దిగింది. నేనప్పుడు చెల్లెలింట్లోనే ఉన్నాను.

ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం మారి, ఇంగ్లీషు రాదని వీల్‌చైర్ పెట్టించుకుని, పట్టుచీర మీద స్వెట్టరు వేసుకుని వచ్చింది అమ్మ. నాలుగు పొరల ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన ఆవకాయ కస్టమ్స్ దాటిందా లేదా అన్నదొక్కటే ఆవిడ బెంగ. పక్క వీల్‌చైర్‌లో కోటు వేసుకున్న పెద్దాయన, విమానంలో ముందు సీటులో కూర్చున్నాట్ట.

“ఏ ఊరమ్మా మనది?” అన్నాడు. అమ్మ మొహం వెలిగిపోయింది. పధ్నాలుగు గంటల తర్వాత చెవిన పడ్డ తెలుగు అది. “తెనాలి దగ్గరండీ అన్నయ్యగారూ,” అంది.

“అలాగా! ఇంటిపేరు?”

అమ్మ చెప్పింది. ఆయన ఒక క్షణం ఆలోచించాడు. “ఓహో,” అని బెల్టు మీద తిరుగుతున్న పెట్టెల వైపు తల తిప్పుకున్నాడు. అమ్మ ఇంకేదో చెప్పబోయి ఆగింది. నేనూ పెట్టెల వైపే చూశాను.

కారెక్కాక సీటుబెల్టు పెట్టించుకుంటూ అమ్మ అంది: “ఆయన మనవాళ్ళు కారులేరా.”